వెనక్కి తిరిగి కూర్చునే మేస్త్రీ

పోయిన నెల నా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. ధర్మవరంలో మా పట్టు దారం వ్యాపారుల గ్రూపులో ఎవరో పెట్టారు. వాళ్ళకు ఇంకెవరో పంపి ఉంటారు. హిందూపురంలో 'చెవి మేస్త్రీ' అని పేరుబడ్డ కారు మెకానిక్ చనిపోయాడనీ, ఆయన కళ్ళకు గంతలు కట్టుకుని కుర్చీలో కూర్చుని, రోడ్డు మీద పోయే కారు చప్పుడు విని, ఏ చక్రం దగ్గర ఏ సామాను అరిగిందో చెప్పేవాడనీ, అలాంటి చెవి మళ్ళీ పుట్టదనీ అందులో ఉంది. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ.

అందులో చనిపోయాడన్న ముక్క ఒక్కటే నిజం. మిగతాది నేను పుట్టించిన మాట. గంతలు మాత్రం నావి కావు. దారిలో ఎవరో కట్టారు.

ఆయనకు ఎడమ చెవి వినపడదు. చిన్నతనంలో లారీ షెడ్డులో పని నేర్చుకుంటున్నప్పుడు పక్కనే టైరు పగిలిందట. దాన్ని ఆయన దాచిపెట్టలేదు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే. కానీ కారు ముందు చక్రాల దగ్గర చప్పుడు వెతకాలంటే ఈ చెవి అడ్డం వచ్చేది. డ్రైవరు పక్క సీట్లో మామూలుగా కూర్చుంటే కిటికీ వైపు ఉండేది వినపడని చెవి. అందుకని ఆయన ఆ సీట్లో మోకాళ్ళు ముడుచుకుని వెనక్కి తిరిగి కూర్చునేవాడు. మొహం వెనక అద్దం వైపు, కుడి చెవి ఎడమ కిటికీ వైపు. సీటు వీపును రెండు చేతులతో వాటేసుకుని కళ్ళు మూసుకునేవాడు. కుడి చక్రం వినాలంటే బండి ఆపించి, దిగి, బండి నడిపే నా వెనక సీట్లోకి మారేవాడు. అక్కడ మాత్రం అందరిలా ముందుకే తిరిగి కూర్చునేవాడు.

ఇది చూసినవాళ్ళు అదొక విద్య అనుకున్నారు. ధర్మవరంలో ఒక మెకానిక్ ఇప్పటికీ వెనక్కి తిరిగి కూర్చుని చప్పుడు వింటాడు. అతనికి రెండు చెవులూ బాగానే పనిచేస్తాయి.

ఒకసారి పెనుకొండ బస్టాండు దగ్గర ఒక కానిస్టేబులు మా బండి ఆపాడు. సీటు మీద మోకాళ్ళేసుకుని వెనక్కి చూస్తున్న మనిషిని కాసేపు చూసి, నన్ను వదిలేసి ఆయననే అడిగాడు.

"ఏమప్పా, ఎనక్కి ఎందుకు కూచున్నావు?"

"ఎడమ చక్రం ఇంటాండా సార్."

"ఏమంటాండాది?"

"ఇంకా ఏమీ అనలేదు సార్."

కానిస్టేబులు చెయ్యి ఊపి పొమ్మన్నాడు. అంతకంటే అడగడానికి ఆయనకు మాత్రం ఏముంటుంది?

నేను హిందూపురంలో పట్టు దారం ఎత్తి ధర్మవరం మగ్గాలకు వేస్తాను. వారం వారం పెనుకొండ మీదుగా పోయి రావడమే నా జీవితం. ఆ పనికి ఒక తెల్ల డీజిలు కారు కొన్నాను. నా చేతికి వచ్చేసరికే దాని మీటరు రెండు లక్షలు దాటింది. తర్వాత నేను ఇంకా తిప్పాను. తర్వాత మీటరు ఆగిపోయింది, బండి ఆగలేదు. ఇప్పటికీ అదే బండి.

ఆ బండికి ముందు ఎడమ వైపు 'టక్' అని చప్పుడు మొదలైంది. హంపు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. అది కూడా మెల్లగా దిగితేనే. హైవే మీద అసలు లేదు. సోమందేపల్లి సందుల్లోకి దిగితే ఉండేది. మొదట రేడియో పెంచాను. తర్వాత రేడియో పెంచినా వినపడింది. అప్పుడు ఎవరో చెబితే ఆయన షెడ్డుకు వెళ్ళాను.

షెడ్డు హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద, రేకుల కింద. ఆయన బనీను మీద ఒక నీలం చొక్కా గుండీలు పెట్టకుండా వేసుకుని, తుడుచుకునే గుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు. నేను చప్పుడు ఎలా వస్తుందో నోటితో చేసి చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నీ నోరు బాగనే ఉండాదప్పా," అన్నాడు. "బండి సంగతి చూద్దాం. ముందు ఖాళీ చెయ్యి."

"ఏం ఖాళీ చెయ్యాల?"

"అంతా."

అంతా అంటే అంతా. డిక్కీలో దారం మూటలు, స్టెప్నీ, జాకీ, పానాల సంచి, వెనక సీటు కింద నీళ్ళ సీసాలు, డాష్‌బోర్డు మీది వినాయకుడు, అద్దానికి వేలాడే గంట, నా జేబులోని తాళం చెవుల గుత్తి, చిల్లర. షెడ్డు ముందు చాప పరిచి అవన్నీ వరసగా పెట్టించాడు. ఎండలో నా పట్టు దారం పక్కన స్టెప్నీ పెట్టడం నాకు నచ్చలేదు.

"ఇవన్నీ సద్దు చేసేవి కాదు మేస్త్రీ. సద్దు కింద నుంచి వస్తాండాది."

"యాడి నుంచి వస్తాండాదో నీకు తెలిస్తే నాకాడికెందుకు వస్తివి?" అన్నాడు. కోపం లేదు. ఆయన అడిగిన ప్రశ్నలన్నీ అలాగే నిజంగా అడిగినట్టు ఉండేవి.

తర్వాత బండిలో ఎవరూ మాట్లాడకూడదు. దగ్గు వస్తే బండి ఆపి దగ్గాలి. ఒకే హంపును పదేపదే దాటించేవాడు. నేరుగా, అడ్డంగా, ఒక్క ఎడమ చక్రమే ఎక్కేలా, బ్రేకు నొక్కి, నొక్కకుండా. హంపు పక్కన బజ్జీలేసే ఆమె మొదటి రోజు నవ్వింది, రెండో రోజు నుంచి మమ్మల్ని పట్టించుకోలేదు. షెడ్డుకు తిరిగొచ్చాక బండి ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపేవాడు, పక్కలకు ఊపేవాడు. స్టీరింగు తిప్పుతూ నన్ను చక్రం వెనక స్ప్రింగు మీద చెయ్యి పెట్టమనేవాడు.

"నేనెందుకు?"

"బండి నీది. అదురు నీకు తెలియాల."

ఇవన్నీ అయ్యాక ఆయన ఎప్పుడూ 'ఇదే' అని చెప్పలేదు. "లింకు రాడ్డని అనుకుంటాండా," అన్నాడు. "మారుద్దాం. కాకపోతే మళ్ళా రా."

లింకు రాడ్డంటే ముందు రెండు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప కడ్డీని చక్రానికి కలిపే చిన్న సామాను. బండి పాతబడితే మొదట లొడలొడలాడేది అదే. అది ఒక్కటే మార్చాడు. ఎలాగూ బండి ఎత్తావు కదా, ఆ పక్క రబ్బరు బుష్షులు కూడా మార్చేయమన్నాను.

"వద్దు. ఒకసారికి ఒకటే మార్చాల. రెండు మారిస్తే దొంగ యాదో తెలీదు."

పాత సామాను పేపర్లో చుట్టి నా డిక్కీలోనే పెట్టేవాడు. అది ఆయన పద్ధతి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది నేను పెనుకొండ దగ్గర డివైడరు గుద్దాను. నాకేమీ కాలేదు, ఎడమ చక్రం వంగింది. మా అత్త పెనుకొండ దర్గాలో మొక్కుకుని, ఒక గుర్రపు నాడాను పచ్చ గుడ్డలో చుట్టి, గుడ్డ మీద గుడ్డ వేసి కుట్టి, దెబ్బ తగిలిన చోటే కట్టాలని పట్టుబట్టింది. అద్దానికి కడతానంటే ఒప్పుకోలేదు. "దెబ్బ అద్దానికి తగిలిందా?" అంది. టైరు షాపతని చేత ఎడమ చక్రం వెనక ఆ అడ్డ కడ్డీకి కట్టించాను. మా అత్తకు తృప్తి కలిగింది. నేను మర్చిపోయాను.

మేస్త్రీ ఖాళీ చెయ్యమన్నప్పుడు నేను వినాయకుణ్ణి దించాను, దాన్ని దించలేదు. అది సామాను కాదు కదా. మేస్త్రీ దాన్ని చూశాడు. చూసి, చేతులు గుడ్డకు తుడుచుకుని, వేలి కొనలతో పక్కకు జరిపి తన పని చేసుకున్నాడు. ఆయనకు కూడా అది సామానుగా కనపడలేదు. పచ్చ గుడ్డ దర్గా మొక్కు, ఆయన సొంత మతానిదే. ఒకరి ఇంటివాళ్ళు మొక్కుకుని కట్టినది విప్పడం ఆయనకు చేతకాని పని.

లింకు రాడ్డు మార్చాక చప్పుడు పోయింది. ధర్మవరం చేరాను, నాలుగు రోజులు హాయిగా తిరిగాను. మళ్ళీ వచ్చింది.

వెళ్ళాను. మళ్ళీ చాప, మళ్ళీ వినాయకుడు, మళ్ళీ వెనక్కి కూర్చోవడం. "నేను తప్పు చెప్పినా," అన్నాడు. ఇంకో మెకానిక్ నోట నేను వినని మాట అది. కింది ఆర్మ్ బుష్షు మార్చాడు. చప్పుడు పోయింది. కొన్నాళ్ళకు వచ్చింది. "మళ్ళా తప్పే చెప్పినా." ఈసారి షాకబ్జార్బరు పైన ఉండే రబ్బరు కప్పు. పోయింది, వచ్చింది.

ధర్మవరంలో నేను దారం వేసే ఇళ్ళలో నవ్వులాట మొదలైంది. మగ్గం మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను చూస్తే చాలు కాలి కింద పలక నొక్కడం ఆపి అడిగేవాడు. "ఏమబ్బా, ఈ వారం ఏం మార్చినారు? బండిని ఇడిచి నిన్ను మార్చమంటే పోతాదేమో."

ఒక ఆదివారం ఉదయం మా ఇంటి తలుపు కొట్టారు. తీస్తే మేస్త్రీ. గుండీలన్నీ పెట్టుకున్న తెల్ల చొక్కా, చేతిలో ఒక పానా, ఇంకేమీ లేదు. హిందూపురం నుంచి బస్సులో వచ్చాడు. నేను పిలవలేదు. నా ఇల్లు ఆయనకు తెలియదు. బస్టాండులో దిగి పట్టు దారం వేసే తెల్ల కారు ఆయన ఇల్లు యాడ అని అడుగుతూ వచ్చాడట.

"నేను తప్పు చెప్పినా. అది చెప్పేదానికి వచ్చినా," అన్నాడు గడపలోనే.

"లోపలికి రా మేస్త్రీ. ఫోను చేసింటే నేనే వస్తాంటి కదా."

"తప్పు చెప్పింది నేను. నువ్వెందుకు వస్తావు?"

కూర్చున్నాడు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాక చెప్పాడు. "నేను ఒకసారికి ఒకటే మారుస్తాండాననుకున్నా. కాదప్పా. ప్రతిసారీ రెండు మార్చినా. సామాను మార్చేటప్పుడు ఆ పచ్చ గుడ్డ అడ్డమొస్తాదని కొంచెం జరిపినా. అది జరిగినందుకు సద్దు పోయింది. అదురుకు మళ్ళా పాత జాగాకి వచ్చింది. సద్దూ వచ్చింది." పానా ఒళ్ళోకి తీసుకుని, "దొంగను నేనే పక్కకు జరిపి కూచోబెట్టినా," అన్నాడు.

తర్వాత మా ఆవిడ వైపు తిరిగాడు. నన్ను అడగలేదు. "అమ్మా, అది ఎవురు కట్టించినారో వాళ్ళు ఒప్పుకుంటే విప్పుతా. లేకుంటే గుడ్డ ఇంకో చుట్టు చుట్టి అట్లనే కడతా."

మా అత్త లోపలి నుంచి వచ్చింది. విషయం విని చాలాసేపు ఆలోచించింది. "నువ్వయితే విప్పచ్చులే నాయనా," అంది.

వీధిలోనే బండి కిందికి దూరి విప్పాడు. బయటి గుడ్డ చెక్కు చెదరలేదు. లోపలి మడతలన్నీ నలిగి, నాడా ఒక కొమ్ము కడ్డీ వైపు బయటపడింది. అది కడ్డీని తగిలేచోట ఇనుము తళతళలాడుతోంది. ఆయన దాన్ని చొక్కా అంచుతో తుడిచి, కళ్ళకద్దుకుని, మా అత్త చేతికిచ్చాడు. ఆ తర్వాత చప్పుడు లేదు. ఈ రోజు వరకూ లేదు.

పోయేముందు, డిక్కీలో పాత సామాన్లు ఉన్నాయి కదా, అవి తిరిగి బిగించి, కొత్తవి షాపుకు ఇచ్చేసి నా డబ్బు తెచ్చిస్తానన్నాడు. వద్దని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.

ఇదీ జరిగింది. ఇందులో చెవి చేసింది తక్కువ.

మరుసటి రోజు మగ్గం పెద్దాయన అడిగాడు. "ఏమబ్బా, సద్దు పోయిందంటనే. యాడ దొరికింది?"

ఉన్నది చెబితే మా అత్త మొక్కు నవ్వులపాలవుతుంది. అది సగం కారణం. రెండో సగం, నేను నవ్వులపాలవుతాను. నా బండికి నేనే కట్టించుకున్నది వదిలేసి బుష్షులన్నీ మార్పించానని చెప్పుకోవాలి. అందుకని నోటికి వచ్చింది చెప్పాను. "హిందూపురంలో ఒక మేస్త్రీ ఉండాడు. బండి ఇంకా షెడ్డు ముందర ఆగనే లేదు, కుర్చీలో నుంచి లేవలేదు, టక్కున చెప్పినాడు, ఎడమ పక్క ఫలానాదని. ఏం చెవి అది."

మగ్గాలు ఆగిపోయాయి. ఆ ఇంట్లో నా మాటకు అంత విలువ దొరకడం అదే మొదలు. తర్వాతి ఇంట్లో వాళ్ళే అడిగారు. అక్కడ ఇంకొంచెం బాగా చెప్పాను. దారం మూటలతో పాటు ఆ కథ కూడా ఇంటింటికీ వేశాను. కొన్నాళ్ళకు అది గాండ్లపెంట నుంచి నా దగ్గరికే తిరిగొచ్చింది. చెప్పినతను నాకు తెలియదేమోనని వివరంగా చెప్పాడు. నేను విన్నాను.

పొగడ్తే కదా, ఎవరికేం నష్టం అనుకున్నాను.

నష్టం ఎలా జరిగిందంటే, జనం ఆయన దగ్గరికి బండి తెచ్చి దిగడం మానేశారు. షెడ్డు ముందు ఇంజను ఆడిస్తూ అద్దం దించి, "చెప్పు మేస్త్రీ," అనేవాళ్ళు. ఖాళీ చెయ్యమంటే, అంత చెవి ఉన్నోడికి సామాను దించేదెందుకు అనేవాళ్ళు. కొందరు ఫోను చేసేవాళ్ళు. సోమందేపల్లిలో నేనే చూశాను. రోడ్డు పక్కన ఒకతను ఫోనును ముందు చక్రానికి ఆనించి పట్టుకుని కూర్చున్నాడు, ఇంకొకతను బండిని హంపు మీద ముందుకూ వెనక్కీ ఆడిస్తున్నాడు. "ఇనబడతాండాదా మేస్త్రీ?" అని చక్రంలోకి అరుస్తున్నాడు. "బండి తేవాల్నంట," అని ఫోను జేబులో పెట్టుకుని, "పొగరు," అన్నాడు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. అంతకు ముందు ఆయన తప్పు చెబితే, తప్పు చెప్పానంటే, సరే మేస్త్రీ మళ్ళీ చూడు అనేవాళ్ళు. ఆయన పని అంతా దాని మీదే నడిచేది. ఒకటి మార్చడం, కాకపోతే ఒప్పుకోవడం, ఇంకొకటి మార్చడం. ఇప్పుడు ఆయనకు తప్పు చెప్పే హక్కు పోయింది. అంత చెవి ఉన్నవాడు తప్పు చెప్పాడంటే కావాలనే చెప్పాడు, సామాన్లు అమ్ముకోవడానికే చెప్పాడు. రామగిరి నుంచి వచ్చిన ట్రావెల్సు యజమాని ఒకతను బజ్జీలామె ముందర, నలుగురి ముందర, ఆయనను దొంగ అన్నాడు. మేస్త్రీ తుడుచుకునే గుడ్డను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడట.

ఆ తర్వాత చప్పుడు బండి ఏది వచ్చినా, "కుడి చెవి కూడా పాయెనప్పా," అని పంపించేవాడు. అది అబద్ధం. నాకు తెలిసి ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. ఆయిలు మార్చేవాడు, బ్రేకు ప్యాడ్లు వేసేవాడు. ముప్పై ఏళ్ళు కింద పడుకుని బండ్ల అదురు పట్టుకున్న మనిషి గరాటు పెట్టి ఆయిలు పోస్తూ కూర్చున్నాడు.

నేనూ ఒకసారి ఆయిలు మార్పించడానికి వెళ్ళాను. ఆయిలు కారేంతవరకు ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చున్నాం. ఆయన ఆయిలు వైపే చూస్తూ అడిగాడు.

"ఏమప్పా, నా చెవి గురించి ఎవురో ఏందో చెప్తాండారంట. మీ ధర్మవరం తట్టు నుంచే వచ్చిందంట. నీకేమన్నా తెలుసునా?"

ఎప్పటిలాగే నిజంగా అడిగినట్టే అడిగాడు.

"నాకేం తెలీదు మేస్త్రీ," అన్నాను.

"తెలీదా."

"తెలీదు."

"సరే," అని లేచి బోల్టు బిగించాడు.

ఆ తర్వాత నేను ఆ షెడ్డులో బండి ఆపలేదు. దాని ముందు నుంచే వారం వారం పోయాను, వచ్చాను. ఆయిలు ధర్మవరంలో మార్పించుకున్నాను.

మెసేజీ వచ్చిన రోజు, చాలా ఆలోచించి, గ్రూపులో ఒక జవాబు రాశాను. ఇది నిజం కాదు, ఆయన అలా వినేవాడు కాదు, ఒక చెవి అసలు వినపడదు, ఆ మాట నేనే పుట్టించాను అని. కాసేపటికి ఒకతను రాశాడు: "చనిపోయినోళ్ళ గురించి అట్ల రాయకూడదన్నా." దానికి నలుగురు బొటనవేళ్ళ బొమ్మలు పెట్టారు. ఇంకొకతను, ఆయన కొడుకు షెడ్డుకు కొత్త బోర్డు చేయిస్తున్నాడనీ, 'చెవి మేస్త్రీ గారి కొడుకు' అని పెద్దక్షరాలతో వస్తోందనీ రాశాడు.

బోర్డు సంగతి చదివాక నేను ఇంట్లో ఉండలేకపోయాను. తండ్రిని పనిలోంచి లేపేసిన మాట కొడుకు నెత్తిన ఎక్కబోతోంది. ఇక రేపటి నుంచి ఆ పిల్లవాడు కూడా కుర్చీలో నుంచే చెప్పాలి, చెప్పింది తప్పు కాకూడదు. మర్నాడే హిందూపురం వెళ్ళాను.

కొడుకుకు ముప్పై దాటి ఉంటాయి. పెళ్ళయింది. తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. నేను వెళ్ళేసరికి బోర్డు వచ్చి గోడకు ఆనించి ఉంది, ఇంకా బిగించలేదు. ఎరుపు మీద పసుపు అక్షరాలు. పక్కన పెద్ద చెవి బొమ్మ. అది ఎడమ చెవి.

షెడ్డు ముందు ఒక కారు ఇంజను ఆడుతోంది. అద్దం దించి ఉంది. లోపలి మనిషి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కొడుకు మొహం చూస్తున్నాడు. కొడుకు తల వంచి వింటున్నట్టు నిలబడ్డాడు. వాడి పెదవులు కదిలాయి. లింకు రాడ్డని అనబోతున్నాడని నాకు అర్థమైంది. ఎవరికైనా ముందు వచ్చే మాట అదే.

"సామాను దించమను," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"దించేదేముంది?" అన్నాడు కారతను. "వీళ్ళ నాయన కూచున్న జాగా నుంచే చెప్తాండెనంట."

"అట్ల ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట పుట్టించింది నేను."

"నీకేం తెలుసప్పా? ధర్మవరంలో పట్టు దారం ఆయన బండి సంగతి. మా బామ్మర్ది ఆయన నోటితోనే ఇన్నాడు."

"ఆ దారం ఆయన నేనే."

కారతను నన్ను, నా వెనక ఆగి ఉన్న తెల్ల కారును చూశాడు. "ఆయన ఇంకా పొడుగంట," అన్నాడు.

నేను అక్కడే నిలబడి నాడా సంగతి మొదటి నుంచి చెప్పాను. దర్గా, అత్త, పచ్చ గుడ్డ, మూడు సామాన్లు, ఆదివారం, పానా. ఇన్నేళ్ళలో ఆ కథను ఉన్నది ఉన్నట్టు చెప్పడం అదే మొదలు. కుర్చీ కథ చెప్పినప్పుడు వచ్చిన మర్యాద దీనికి రాలేదు. కారతను మధ్యలో ఇంజను ఆపేశాడు, డీజిలు దండగని. అంతా విని, "అయితే ఆయప్పకు చెవి లేదంటావు," అన్నాడు.

"ఒకటి ఉండాది," అన్నాను.

కొడుకు లోపలికి పోయి చాప తెచ్చి పరిచాడు. "దించన్నా," అన్నాడు. "అంతా."

కారతను గొణుక్కుంటూనే దించాడు. కొడుకు కిందికి వంగి చక్రాల వెనక చూసి, "ఏమన్నా కట్టించినారా?" అని కూడా అడిగాడు. సామాను దగ్గర నన్ను కాపలా పెట్టి ఇద్దరూ బయల్దేరారు. కొడుకు పక్క సీట్లో ముందుకు తిరిగే కూర్చున్నాడు. వాడికి ఆ అవసరం లేదు. హంపు మీద వాళ్ళు చాలాసార్లు దాటారు. బజ్జీలామె తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

తిరిగొచ్చాక కారతను అడిగాడు. "ఏందంటావు?"

"ఇంకా తెలీలేదన్నా. బండి ఎత్తి చూడాల. రేపు పొద్దున తీసుకురా."

"తెలీలేదా," అన్నాడతను. నా వైపు ఒకసారి చూసి, సామాను ఎక్కించుకుని వెళ్ళాడు. రేపు వస్తాడో రాడో చెప్పలేం.

కొడుకు చేతులు తుడుచుకున్నాడు. బోర్డు దగ్గరికి పోయి దాన్ని గోడ వైపుకు తిప్పి పెట్టాడు. వెనకంతా తెల్ల రేకు.

"నువ్వు పుట్టించినావని మా నాయనకు తెలుసన్నా," అన్నాడు అప్పుడు.

నేను స్టూలు మీద కూర్చున్నాను.

"అడిగితే తెలీదన్నావంట కదా. ఇంటికొచ్చి చెప్పినాడు. నాకు కోపమొచ్చింది. ధర్మవరం పోయి అడుగుతానంటి. వద్దనె. ఆయప్పే వస్తాడులే చెప్పేదానికి, నేను పోలేదా అనె."

"మళ్ళా ఏమన్నా అన్నాడా?"

"మళ్ళా ఏమంటాడు? నీకోసం ఎదురు చూసినాడు." వాడు చాప దులిపి చుట్టాడు. "నువ్వు కుర్చీ, చెవి అంటాండావు కదా. ఒక బండిని మటుకు అట్లనే చెప్తాండె మా నాయన. బండి కిందుంటాడు, రోడ్డు కనపడదు. అట్లనే పండుకోనుండి చెప్తాండె, దారమాయప్ప వస్తాండాడు అని. పాన పక్కన పెట్టేసి ఇంటాండె. అది ఆగకుండా దాటిపోయినాక మళ్ళా పాన ఎత్తుకుంటాండె."